షెర్లాకియన్ అంటే ఉత్త అభిమాని కాదండి

మీరు అడిగింది ఇది కదా: ఇంగ్లీషు వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నారు, అందులో చనిపోయిన ఒక పెద్దాయన గురించి "ఆయన షెర్లాకియన్, 1950ల్లో షిల్లింగ్ అందుకున్నారు" అని ఉంది, దాన్ని "షెర్లాక్ హోమ్స్ వీరాభిమాని" అని రాసేస్తే సరిపోతుందా, ఇంకోచోట హోమ్సియన్ అని కనిపించింది అది వేరా, మధ్యలో ఈ షిల్లింగ్ ఏంటి అని. చిన్న జవాబు కావాలంటే: సరిపోదు, వేరు కాదు, షిల్లింగ్ పాత ఇంగ్లీషు నాణెమే కానీ ఇక్కడ డబ్బు లెక్క కాదు, సభ్యత్వానికి గుర్తు. పెద్ద జవాబు కావాలంటే టీ పెట్టుకుని కూర్చోండి, నాకు ఈ పిచ్చి పట్టి ఇరవై ఏళ్ళు దాటింది, మాట్లాడమంటే ఆగను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. చిన్నప్పుడు గుంటూర్లో అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు రోజుకి ఒకటి చొప్పున నమిలేసినదాన్ని, హోమ్స్ తర్వాతెప్పుడో వచ్చాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. న్యూజెర్సీ వచ్చాక మా ఊరి లైబ్రరీ బేస్‌మెంట్లో నెలకోసారి హోమ్స్ కథలు చదివే గుంపు ఒకటి ఉందని నోటీసు బోర్డు మీద చూసి, పిల్లాడి స్టోరీ టైమ్ అయ్యేదాకా కాలక్షేపం అవుతుంది కదా అని వెళ్ళా. పిల్లాడు ఇప్పుడు కాలేజీకి వెళ్ళిపోయాడు, నేను ఇంకా ఆ బేస్‌మెంట్లోనే ఉన్నా.

ఇక్కడో బాధ చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కింద ఒక తెలుగు పత్రికలో (పేరు వద్దులెండి) ఒక అనువాద వ్యాసంలో షెర్లాకియన్స్ అన్నదాన్ని "షెర్లాక్ వంశస్థులు" అని వేశారు. ఉత్తరం రాశా, వాళ్ళు సవరణ వెయ్యలేదు సరికదా తర్వాతి సంచికలో "హోమ్స్ వారసులు" అని కొనసాగించారు. ఆయన పెళ్ళే చేసుకోలేదు మహాప్రభో. అందుకే మీరు అడిగి మరీ రాస్తున్నందుకు ముందు దణ్ణం.

సరే విషయానికొస్తే, ఈ మాట రెండు రకాలుగా వాడతారు. ఒకటి విశేషణంగా, "షెర్లాకియన్ లాజిక్" అంటే హోమ్స్ తరహా తర్కం, చెప్పు మీద మట్టి చూసి నువ్వు ఏ పేట నుంచి వచ్చావో చెప్పే బాపతు. దీన్ని "హోమ్స్ తరహా" అని రాసేయొచ్చు, గొడవ లేదు. రెండోది మనిషిని అనేటప్పుడు, అక్కడే చిక్కు. అమెరికాలో షెర్లాకియన్ అంటారు, ఇంగ్లండ్‌లో ఎక్కువగా హోమ్సియన్ అంటారు, మనుషులు ఒకటే. అమెరికా వాళ్ళు ఎవర్నైనా పరిచయమైన రెండో నిమిషానికి పేరు పెట్టి పిలుస్తారు, ఆ కాలపు ఇంగ్లీషు పెద్దమనుషులు స్నేహితుణ్ణి కూడా ఇంటిపేరుతోనే పిలిచేవాళ్ళు, కథల్లో కూడా చూడండి, అన్నేళ్ళు ఒక గదిలో ఉండి కూడా హోమ్స్, ఆయన స్నేహితుడు డాక్టర్ వాట్సన్ ఒకళ్ళనొకళ్ళు "హోమ్స్", "వాట్సన్" అనే పిలుచుకుంటారు. షెర్లాక్ సొంతపేరు, హోమ్స్ ఇంటిపేరు, తేడా అంతే అని మా గుంపులో చెప్పుకునే మాట. ఇప్పుడు రెండూ కలిసిపోయాయి, లండన్ వాళ్ళు కూడా షెర్లాకియన్ అనేస్తున్నారు.

ఇప్పుడు అసలు ముడి. అభిమాని అంటే కథలు ఇష్టపడేవాడు, సినిమా వస్తే మొదటి రోజు వెళ్ళేవాడు, టీషర్ట్ వేసుకునేవాడు. షెర్లాకియన్ అంటే ఆట ఆడేవాడు. ఆ ఆట రూలు ఒక్కటే, హోమ్స్, వాట్సన్ నిజంగా బతికిన మనుషులు. కథలు డాక్టర్ వాట్సన్ రాసిన కేసు రికార్డులు. మరి ఈ కథలు రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ ఎవరయ్యా అంటే, ఆయన వాట్సన్ గారి లిటరరీ ఏజెంటు, కాయితాలు పత్రికకి చేరవేసిన మనిషి. నవ్వకూడదు. నవ్వితే ఔట్. డొరతీ సేయర్స్ అని పెద్ద డిటెక్టివ్ రచయిత్రి, ఆవిడే చెప్పింది ఈ ఆటని లార్డ్స్ మైదానంలో కౌంటీ క్రికెట్ ఆడినంత గంభీరంగా ఆడాలని, ఏ మాత్రం వెకిలితనం చేసినా వాతావరణం చెడిపోతుందని.

మొత్తం 60 కథలు, 4 నవలలు 56 చిన్న కథలు. దాన్ని కానన్ (Canon) అంటారు, డాయిల్ పేరులోది కాదు, మత గ్రంథాలకి వాడే మాట అది, కావాలనే వాడతారు. మొదటిది 1887లో, చివరిది 1927లో, అంటే నలభై ఏళ్ళు. డాయిల్ గారికి తన చారిత్రక నవలల మీద ఉన్న ప్రేమ హోమ్స్ మీద లేదు, చకచకా రాసి పంపేసేవాడు, వెనక్కి తిరిగి ముందు కథలో ఏం రాశానో అని చూసుకునే ఓపిక లేదు. అందుకని తప్పులు కోకొల్లలు. వాట్సన్‌కి 1880లో అఫ్ఘన్ యుద్ధంలో మైవాండ్ దగ్గర తుపాకి గుండు తగిలింది, మొదటి నవలలో భుజానికి తగిలింది, రెండో నవలకొచ్చేసరికి కాలికి దిగిపోయింది. ఆయన పేరు జాన్ హెచ్. వాట్సన్, కానీ ఒక కథలో సొంత పెళ్ళామే "జేమ్స్" అని పిలుస్తుంది.

మామూలు పాఠకుడు ఏమంటాడు, రచయిత మర్చిపోయాడు అంటాడు, అయిపోయింది. షెర్లాకియన్‌కి ఆ మాట అనే హక్కు లేదు, ఎందుకంటే రచయిత లేడు కదా, ఉన్నది వాట్సన్, ఆయన సొంత ఒంట్లో గుండు ఎక్కడుందో ఆయన మర్చిపోతాడా? కాబట్టి కారణం వెతకాలి. ఒకాయన వంగొని ఉండగా భుజంలోంచి దూరి కాల్లోకి వెళ్ళిందంటాడు, ఇంకొకాయన రెండు గుండ్లు తగిలాయంటాడు, మరొకాయన రెండో గాయం చెప్పుకోడానికి సిగ్గుపడే చోట తగిలింది పాపం అందుకే మార్చి చెప్పాడంటాడు. జేమ్స్ సంగతి సేయర్స్ గారే తేల్చింది: హెచ్ అంటే హేమిష్, హేమిష్ అంటే స్కాట్లండ్ భాషలో జేమ్స్, ఆ ఇల్లాలు మొగుణ్ణి రెండో పేరుతో ముద్దుగా పిలుచుకుంది. ఎంత అందంగా ఉందో చూడండి, కథలో ఎక్కడా లేదు, కానీ ఎవడూ కాదనలేడు. బీబీసీ వాళ్ళ "షెర్లాక్" సీరియల్లో వాట్సన్ నా మధ్య పేరు హేమిష్ అంటాడే, అది ఇక్కడి నుంచి వెళ్ళిందే.

నా ఉద్యోగం భాషలో చెప్పాలంటే, టెస్టర్ బగ్ పట్టుకుంటాడు, డెవలపర్ అది బగ్ కాదు ఫీచర్ అంటాడు, ఇద్దరికీ పడదు. షెర్లాకియన్ ఆ ఇద్దరూ ఒక్కడే, తనే బగ్ పడతాడు తనే అది ఫీచర్ అని నిరూపిస్తాడు. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు నిజానికి. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన మెదక్ వైపు కొలిచాల మనిషి, ఆయన పెట్టుకున్న నియమం మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. హరికథలప్పుడో పురాణ కాలక్షేపం అప్పుడో ముసలాళ్ళు "అక్కడ అలా అన్నాడు కదా మరి ఇక్కడ ఇలా ఎందుకన్నాడు" అని పట్టుకుంటే శాస్త్రిగారు "వ్యాసుడు పొరపడ్డాడు" అంటాడా, అనడు, ఏదో ఒక సమన్వయం చెప్పి తీరతాడు. షెర్లాకియన్ చేసేది అచ్చంగా అదే పని, కాకపోతే అక్కడ భక్తి, ఇక్కడ వేళాకోళం, కానీ వేళాకోళంలా కనపడకూడదు.

ఇది ఎవడు మొదలెట్టాడంటే, 1902 జనవరిలో, హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్ అనే హోమ్స్ నవల పత్రికలో ఇంకా సీరియల్‌గా వస్తుండగానే, ఫ్రాంక్ సిడ్జ్‌విక్ అనే ఆయన కేంబ్రిడ్జి పత్రికలో డాక్టర్ వాట్సన్‌కి బహిరంగ లేఖ రాశాడు, అయ్యా మీ తేదీలు కలవట్లేదు అని. డాయిల్‌కి కాదు, వాట్సన్‌కి, అది గమనించండి. తర్వాత 1911లో రొనాల్డ్ నాక్స్ అని ఆక్స్‌ఫర్డ్ కుర్రాడు, తర్వాత మతగురువు అయ్యాడు, ఒక పేపర్ చదివాడు. ఆ రోజుల్లో జర్మన్ పండితులు బైబిల్‌ని ముక్కలు చేసి ఈ వాక్యం ఫలానావాడు రాసింది ఇది తర్వాత అతికింది అని తేల్చేవాళ్ళు కదా, వాళ్ళని వెక్కిరించడానికి అదే పద్ధతి హోమ్స్ కథల మీద ప్రయోగించాడు, లేని పండితుల్ని పుట్టించి వాళ్ళ అభిప్రాయాలు కోట్ చేశాడు. అది చదివి డాయిల్ ఆయనకి ఉత్తరం రాశాడు, సారాంశం ఏంటంటే నవ్వొచ్చింది, ఆశ్చర్యం వేసింది, ఇలాంటి సరుకు మీద ఇంత కష్టం పడేవాడు ఉన్నాడా, నాకంటే నీకే ఎక్కువ తెలుసు అని. ఎగతాళికి మొదలెట్టిన పద్ధతి జనాలకి నచ్చేసింది, ఎగతాళి ఎవర్ని చేశాడో మర్చిపోయారు, పద్ధతి మిగిలింది.

అమెరికాలో దీన్ని సంఘం కట్టినవాడు క్రిస్టఫర్ మోర్లీ అనే రచయిత, 1934లో న్యూయార్క్‌లో బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్ పెట్టాడు. హోమ్స్ వీధి పిల్లల్ని వార్తలు సేకరించడానికి వాడుకునేవాడు, ఆ గ్యాంగు పేరు అది. వాళ్ళ నియమావళి చదివితే కడుపు చెక్కలవుతుంది, ప్రశ్నకి జవాబు చెప్పలేనివాడు అందరికీ డ్రింకులు కొనాలి, నెలవారీ మీటింగులు ఉండవు అని రాసుకున్నారు. ఏటా జనవరిలో విందు, ఎందుకు జనవరి అంటే హోమ్స్ పుట్టినరోజు జనవరి 6. కథల్లో ఎక్కడైనా ఉందా? లేదు. వ్యాలీ ఆఫ్ ఫియర్ నవల మొదట్లో జనవరి 7 పొద్దున హోమ్స్ టిఫిన్ ముట్టకుండా మూడీగా కూర్చుని ఉంటాడు, అంటే రాత్రి ఎక్కువైంది, అంటే ముందు రోజు పుట్టినరోజు. పైగా షేక్‌స్పియర్ నాటకాల్లో ట్వెల్ఫ్త్ నైట్ ఒక్కదాన్నే రెండుసార్లు కోట్ చేస్తాడంటారు, క్రిస్మస్ నుంచి లెక్కపెట్టుకుంటే ఆ పన్నెండో రాత్రి ఆ తేదీకే వస్తుంది. ఏడాది 1854, ఎందుకంటే 1914లో జరిగే కథలో అరవై ఏళ్ళ మనిషిలా కనపడతాడు. ఈ సాక్ష్యంతో కోర్టులో ఒక్క చలానా కూడా నిలబడదు కానీ ప్రపంచమంతా ఆ రోజు కేకు కోస్తారు.

ఇందులో ఒక మచ్చ కూడా ఉంది, దాచక్కర్లేదు. ఆ మొదటి రోజుల్లో సభ్యత్వానికి పరీక్షగా పత్రికలో క్రాస్‌వర్డ్ వేశారు, పూర్తి చేసినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, విందుకి మాత్రం మగాళ్ళనే పిలిచారు. అలాగే దశాబ్దాలు నడిచింది. 1968లో కొంతమంది కాలేజీ అమ్మాయిలు విందు జరిగే రెస్టారెంట్ బయట చలిలో ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు, వాళ్ళు అడ్వెంచరెసెస్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్ అని సొంత సంఘం పెట్టుకున్నారు. ఇర్రెగ్యులర్స్ తలుపులు ఆడవాళ్ళకి తెరుచుకుంది 1991లో. మా గుంపులో ఇప్పుడు పదముగ్గురం ఉంటే ఎనిమిదిమంది ఆడవాళ్ళమే, అందుకని ఈ కథ చెప్పినప్పుడల్లా మగాళ్ళు కాసేపు కుకీస్ వైపు చూస్తారు.

ఊరూరా పిల్ల సంఘాలు ఉంటాయి, పేర్లన్నీ కథల్లోంచే. నాకు బాగా నచ్చేది టొరంటో వాళ్ళది, బూట్‌మేకర్స్ ఆఫ్ టొరంటో, ఎందుకంటే హౌండ్ నవలలో బురదలో దొరికిన పాత బూటు లోపల "మేయర్స్, టొరంటో" అని ముద్ర ఉంటుంది. అంత పెద్ద కానన్‌లో వాళ్ళ ఊరికి దక్కింది ఆ ఒక్క బూటు, దాన్నే పట్టుకుని సంఘం పెట్టేశారు. ఇండియాలో కూడా షెర్లాక్ హోమ్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది, వాళ్ళ పత్రికకి పేరులో పాండిచ్చేరి లాడ్జ్ అని ఉంటుంది, అది పుదుచ్చేరిలో లాడ్జింగ్ అనుకునేరు, సైన్ ఆఫ్ ఫోర్ నవలలో లండన్‌లో ఉండే ఇల్లు పేరు.

అసలు షెర్లాకియన్లు ఏం చేస్తారో దగ్గర్నుంచి చూపించాలంటే మా బేస్‌మెంట్లో పాము గొడవ చెప్పాలి. స్పెకిల్డ్ బ్యాండ్ కథ తెలుసు కదా, తెలీకపోతే క్షమించండి ముగింపు చెప్పేస్తున్నా. డాక్టర్ రాయ్‌లాట్ కలకత్తాలో ప్రాక్టీసు చేసి ఇంగ్లండ్ వెనక్కొచ్చిన కోపిష్టి, సవతి కూతుళ్ళ ఆస్తి కోసం రాత్రిళ్ళు గోడకున్న కన్నంలోంచి పాముని వదుల్తాడు, అది పక్కగదిలో మంచం మీదకి వేలాడే గంట తాడు పట్టుకుని దిగుతుంది, ఈల వేస్తే వెనక్కొస్తుంది, వచ్చాక పళ్ళెంలో పాలు. డాయిల్‌కి తన కథలన్నిటిలో ఇది నంబర్ వన్. హోమ్స్ దాన్ని చూసి "స్వాంప్ ఆడర్, ఇండియాలోకెల్లా ప్రాణాంతకమైన పాము" అంటాడు.

ఆ నెల ఈ కథ. అందరూ నా వైపు తిరిగారు, నువ్వు ఇండియా కదా, అది ఏ పాము అని. నాకేం తెలుసు, నేను పాముని చూసింది నాగులచవితికి పుట్ట దగ్గర, అది కూడా పుట్టనే, పాముని కాదు. కానీ ఒకటి చెప్పగలిగా, మా అమ్మ ఏటా పుట్టలో పాలు పోస్తుంది, అయినా పాము పాలు తాగదు, అది మా సైన్సు మాస్టారు కూడా చెప్పాడు అన్నా. దానికి అక్కడ రిటైరైన బయాలజీ టీచరొకావిడ, డెబ్భై దాటినావిడ, తెల్ల జుట్టు, మెడలో భూతద్దం గొలుసుకి వేలాడుతుంటుంది (అది చదువుకోడానికే, వేషం కాదు), నెమ్మదిగా "కథలో పాము పాలు తాగినట్టు ఎక్కడుంది?" అంది. అందరం పేజీలు తిప్పాం. నిజమే! బీరువా మీద పాలపళ్ళెం కనపడుతుంది, అంతే, తాగినట్టు వాట్సన్ చూడలేదు. ఇరవై ఏళ్ళుగా పాము పాలు తాగిందనే చదువుకున్నా నేను. చూశారా, అభిమానికీ షెర్లాకియన్‌కీ తేడా అక్కడ నాకు బోధపడింది.

వచ్చే నెలకి నువ్వే పేపర్ రాసుకురా అన్నారు. నేను కూర్చుని తవ్వా. తవ్వితే ఏం దొరికిందో తెలుసా, మన విశాఖపట్నం. 18వ శతాబ్దం చివర్లో పాట్రిక్ రస్సెల్ అని స్కాట్లండ్ డాక్టర్ విశాఖలో ఉండి మన తీరం పాములన్నీ సేకరించి 1796లో బొమ్మలతో పెద్ద పుస్తకం వేశాడు, మన రక్తపింజరకి ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అని పేరు ఆయన వల్లే. ఆ పుస్తకంలో పాముల పేర్లు మన ఊళ్ళవాళ్ళు చెప్పినట్టే రాసుకున్నాడు, రక్తపింజరకి ఆయన రాసుకున్న పేరు "కాటుక రేకుల పొడ". పొడ అంటే మచ్చే కదండీ! పొడల పాము, చుక్కల పట్టీ, స్పెకిల్డ్ బ్యాండ్! అర్ధరాత్రి వంటింట్లో నిలబడి నేను అరిచిన అరుపుకి మా ఆయన లేచొచ్చాడు, గ్యాస్ లీకైందేమో అని. పైగా రస్సెల్ ఎడింబరోలో వైద్యం చదివాడు, డాయిల్ కూడా అక్కడే చదివాడు (డాయిల్ పేరు ఎత్తకూడదు, ఆటలో ఫౌల్, కానీ పేపర్లో "ఏజెంటు గారు" అని రాసుకున్నా).

నెల తర్వాత పేపర్ చదివా, ఎనిమిది పేజీలు, పొడ అనే మాట బోర్డు మీద తెలుగులో రాసి చూపించా. చప్పట్లు. తర్వాత భూతద్దం ఆవిడ లేచింది. ఒకటి, రక్తపింజర లావుపాటి నేల పాము, తాడు పట్టుకుని దిగడం, మళ్ళీ ఎక్కడం దాని వల్ల కాదు. రెండు, కథలో పాముకి మెడ ఉబ్బినట్టు ఉంది, అది నాగుపాము లక్షణం. మూడు, రాయ్‌లాట్ కాటు పడ్డాక పది సెకన్లలో చచ్చాడని హోమ్స్ అంటాడు, ఏ పాముకీ అంత స్పీడు లేదు. నాలుగు, రాయ్‌లాట్ ఉన్నది కలకత్తాలో, వైజాగ్‌లో ఉన్నట్టు నీ దగ్గర రుజువు ఉందా? నేను తడుముకోకుండా కలకత్తా నుంచి మద్రాసు పోయే తీరం స్టీమర్లు విశాఖలో ఆగేవి, ఏదో ప్రయాణంలో దిగి కొనుక్కున్నాడు అన్నా. ఆవిడ అద్దంలోంచి నన్ను చూసి "ఓడలో అన్ని రోజులు దానికి ఈల ఎవరు నేర్పారు" అంది. ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక ప్లంబర్ ఆయన, నిజంగానే ప్లంబర్, రాయ్‌లాట్ దగ్గర ఇండియా నుంచి తెప్పించిన బబూన్ ఉందని కథలో ఉంది, కానీ ఇండియాలో బబూన్లే ఉండవు, ఆఫ్రికా కోతులవి, అంటే ఇండియా నుంచి ఆ జంతువులు పంపిన పరిచయస్తుడు ఎవడో వీడిని బాగా ముంచాడు, కోతి దగ్గర మోసపోయినవాడు పాము దగ్గర మోసపోడా, అది అసలు ఇండియా పామే కాదు అని తేల్చాడు. నా ఎనిమిది పేజీలు, విశాఖపట్నం, కాటుక, అన్నీ ఒక్క కోతి వల్ల పోయాయి. ఇప్పటికీ నాకు ఆయన వాదనలో లొసుగు దొరకలేదు, వెతుకుతూనే ఉన్నా.

ఇంకోటి కూడా గమనించండి, వీళ్ళు తమ దేవుడి గురించిన గాలి కబుర్లు తామే కొట్టేస్తారు. 1893లో డాయిల్ విసుగెత్తి హోమ్స్‌ని స్విట్జర్లండ్ జలపాతంలో తోసేసినప్పుడు లండన్ కుర్రాళ్ళు టోపీలకి నల్ల రిబ్బన్లు కట్టుకు తిరిగారని ప్రతి వ్యాసంలో ఉంటుంది కదా, ఆ కాలం పత్రికలు గాలించి దీనికి అప్పటి ఆధారం ఏదీ కనపడట్లేదన్నది కూడా ఈ పిచ్చోళ్ళే. హోమ్స్ మాటగా అందరూ చెప్పే "ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్" అనే వాక్యం 60 కథల్లో ఎక్కడా లేదు. హోమ్స్ బొమ్మల్లో కనపడే ఆ చెవుల టోపీకి డీర్‌స్టాకర్ అన్న పేరు కథల్లో లేదు, చెవులు కప్పే ప్రయాణపు టోపీ అని ఉంటుంది, దాన్ని మనందరి బుర్రల్లో పాతింది ఈ కథలు అచ్చేసిన స్ట్రాండ్ పత్రికకి బొమ్మలేసిన సిడ్నీ పేజెట్. మీ వ్యాసంలో ఈ మూడిట్లో ఏదైనా ఉంటే జాగ్రత్త, మూలంలో తప్పుంటే అనువాదంలో కూడా అదే ఉండాలంటారా, అది మీ ఇష్టం.

2010లో బీబీసీ సీరియల్ వచ్చాక కొత్తగా లక్షలమంది వచ్చారు, వాళ్ళలో చాలామంది కథలు చదవలేదు, అందులో హోమ్స్ వేషం వేసిన నటుడి కోసం వచ్చారు. పాతవాళ్ళు కొందరు వీళ్ళని షెర్లాకియన్లు అనకూడదు, షెర్లాక్ ఫ్యాన్స్ అనాలి అని మూతి తిప్పారు. నా మటుకు నాకు ఆ పట్టింపు లేదు, ఆ పిల్లలు ఫోన్లో సీన్లు ఆపి ఆపి గోడ మీద ఏ పుస్తకం ఉంది, గడియారంలో టైమెంత అని వాదించుకోవడం చూశా, అది ఆటే. కాబట్టి మీరు అనువాదంలో తేడా చూడాల్సింది వయసు కాదు, వ్యాసంలో ఆ మనిషి ఏం చేశాడన్నది. పేపర్లు రాశాడా, సంఘంలో ఉన్నాడా, తేదీల కోసం కొట్టుకున్నాడా, ఐతే షెర్లాకియన్. సీరియల్ చూసి ఏడ్చాడా, ఐతే అభిమాని అని రాసెయ్యండి.

(మన సాఫ్ట్‌వేర్ జనం కోసం పక్కమాట: "మా యాప్‌ని షెర్లాక్ చేసేశారు" అంటారే, దానికీ దీనికీ సంబంధం లేదు. 2002లో యాపిల్ వాళ్ళ షెర్లాక్ అనే సెర్చ్ ప్రోగ్రాం కొత్త వెర్షన్, బయటివాళ్ళు చేసిన వాట్సన్ అనే ప్రోగ్రాం చేసే పనులన్నీ తనే చేసెయ్యడంతో పుట్టిన మాట అది. దాన్ని కూడా ఒకాయన "షెర్లాకియన్ వ్యాపార పద్ధతి" అని రాయగా చూశా, ఏడుపొచ్చింది.)

తెలుగులో ఏం రాయాలంటారా. నేనైతే షెర్లాకియన్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యం కలుపుతా, "హోమ్స్, వాట్సన్ నిజంగా బతికినవాళ్ళే అన్న పట్టుదలతో ఆ కథల్ని శోధించేవాళ్ళని అలా అంటారు" అని. వీరాభిమాని అంటే మనకి కటౌట్లు పాలాభిషేకాలు గుర్తొస్తాయి, అది వేరే శాఖ. "హోమ్స్ పండితుడు" దగ్గరగా ఉంది కానీ మరీ బిగుసుకుపోయినట్టుంది, ఆ అల్లరి పోయింది. "హోమ్స్ పిచ్చోడు" మాటల్లో బాగుంటుంది, చనిపోయిన పెద్దాయన గురించి రాసే వ్యాసంలో ఇంటివాళ్ళు చదివితే బాగోదు. మనకి యుగంధర్ అభిమానులు ఇంతమంది ఉన్నా యుగంధరియన్ అనే మాట పుట్టలేదు, అసిస్టెంట్ రాజు జీతం ఎంత అని పేపర్ రాసినవాడు నాకైతే తారసపడలేదు, అందుకని సిద్ధంగా తెలుగు మాట లేదు.

ఇక షిల్లింగ్. ఇర్రెగ్యులర్స్ ఎవరినైనా పూర్తి సభ్యుడిగా తీసుకుంటే దాన్ని ఇన్వెస్టిచర్ అంటారు, పొరపాటున పెట్టుబడి అని రాయకండి, పట్టాభిషేకం బాపతు మాట అది. ఆ రోజు ఆయనకి కథల్లోంచి ఒక పేరు ఇస్తారు, దాంతోపాటు ఇర్రెగ్యులర్ షిల్లింగ్. హోమ్స్ తన వీధి పిల్లలకి రోజుకి తలా ఒక షిల్లింగ్ ఇచ్చేవాడు, దాని గుర్తుగా. పేర్లు భలే ఉంటాయి, సైన్స్ ఫిక్షన్ రాసిన ఐజాక్ అసిమోవ్ గారికి ఇచ్చిన పేరు "శాస్త్రానికి తెలియని విచిత్రమైన పురుగు", ఒక కథలో వాట్సన్ ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన కేసులోది. మీ వ్యాసంలో ఆ పెద్దాయన పేరు తర్వాత కొటేషన్లలో అర్థంకాని రెండు మూడు మాటలు ఉంటే అది మారుపేరు కాదు, బిరుదూ కాదు, ఈ పేరే. అది ఏంటో ఇక్కడ రాయండి, ఏ కథలోదో వెతికి చెప్తా, ఈ వారం బేస్‌మెంట్లో అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది, కాకపోతే భూతద్దం ఆవిడ ముందు మీరు ఏ కథనుకుంటున్నారో చెప్పమంటుంది, ఒక అంచనా కూడా పంపండి.